గాలి మీద నెపం

డిసెంబరు సెలవులు ఇంకా మొదలవ్వనేలేదు, లమ్జెద్ కాలు అప్పుడే ఒకచోట నిలవడం మానేసింది. స్ఫాక్స్ అనే రేవు పట్టణంలోని వృత్తి విద్యా పాఠశాలలో అతను కరెంటు పని నేర్పే మాస్టారు. పాఠం మధ్యలో ఆపి కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు. ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పట్లు ఎటు ఎగురుతున్నాయో చూసుకుని వచ్చి, ఎక్కడ ఆపాడో పిల్లల్ని అడిగేవాడు. ఇంట్లోనూ అంతే, వంటింటి నుంచి వరండాకి, వరండా నుంచి వంటింటికి తిరుగుతూనే ఉండేవాడు. కాఫీ చల్లారిపోతోందని భార్య దలీలా గుర్తు చేసేది. మళ్ళీ వేడి చేసిచ్చినా అదీ చల్లారేది.

దీనికంతటికీ మూలం షెద్లీ. అదే పాఠశాలలో వడ్రంగం నేర్పేవాడు, లమ్జెద్‌కి పాతికేళ్ళ నాటి స్నేహితుడు. ప్రతి చలికాలం సెలవుల్లో ఇద్దరూ ఊరి ఒడ్డునే గాలం వేసేవారు. స్ఫాక్స్ సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంటుంది. నడుము లోతు రావాలంటే చాలా దూరం నడవాలి. ఆ నీళ్ళలో ఎన్నాళ్ళని వేస్తామని షెద్లీకి వేసవిలో బుద్ధి పుట్టింది. పెద్ద కెరటాలుండే ఉత్తర తీరానికి ఈసారి వెళ్ళి తీరాలన్నాడు. అటువైపు ఇద్దరిలో ఎవరూ ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఫోన్‌లో ఉపగ్రహం తీసిన బొమ్మలు వెతికి వెతికి, సెజ్నాన్ ఊరు దాటాక కొండల వెనక దాక్కున్న ఒక చిన్న ఇసుక ఒడ్డు పట్టుకున్నాడు. ఆ ఊళ్ళో గదులు అద్దెకిచ్చే ఖమీస్ అనే కాఫీ కొట్టు ఆసామి నంబరు కూడా సంపాదించాడు.

అంతలో అక్టోబరులో షెద్లీ గుండెకి ఆపరేషన్ అయింది. మంచం పక్కన కూర్చున్న లమ్జెద్‌ని అతను మొట్టమొదట అడిగింది ఉత్తరానికి పోతున్నామా లేదా అనే. ముక్కులో గొట్టం ఉన్న మనిషితో కాదని ఎవరనగలరు? తప్పకుండా పోదామన్నాడు లమ్జెద్.

షెద్లీ భార్య ఫౌజియా ఒకరోజు పాఠశాల గేటు దగ్గర లమ్జెద్ కోసం కాచుకుని నిలబడింది. వసంతం వచ్చేదాకా బరువులెత్తకూడదనీ, చలిగాలిలో నిలబడకూడదనీ డాక్టరు చెప్పాడట.

"నేను వద్దంటే పంతానికి పోతారు. నువ్వే ఏదో ఒకటి చెప్పి నెట్టుకురా అన్నయ్యా. ఈ సెలవులు గడిస్తే చాలు నాకు," అంది.

అందులో తప్పేముందనుకుని లమ్జెద్ సరేనన్నాడు.

అప్పటినుంచి నెపం గాలి మీదికి పోయింది. సాయంత్రం కాగానే షెద్లీ ఇంటికి వెళ్ళేవాడు. షెద్లీ భోజనాల బల్ల నిండా గాలాలూ రీళ్ళూ పరుచుకుని, ఏ దారిన పోవాలి, ఎర ఎక్కడ కొనాలి, మొదటిరోజు కొండకి ఏ వైపు నిలబడాలి అని చెప్పుకుపోయేవాడు. లమ్జెద్ అన్నిటికీ తలూపి, లేచేముందు ఫోన్ తీసి వాయవ్యం నుంచి గాలి ముదురుతోందనీ, ఈ వారం పనికిరాదనీ చెప్పేవాడు. షెద్లీ ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. సరే చూద్దాం అని రీలుకి నూనె పెట్టుకునేవాడు. ఆ నెమ్మదే లమ్జెద్‌ని ముల్లులా గుచ్చేది.

అబద్ధం అతికినట్టుండాలి కదా అని ఒకరోజు ఖమీస్‌కి ఫోన్ చేశాడు. అదే కొంప ముంచింది. ఖమీస్ మాటకారి. తుఫాను తగ్గిన మర్నాడు నీళ్ళు ఇంకా పాలలా తెల్లగా ఉండగా, ఖారూస్ చేపలు మేతకోసం ఒడ్డు ఇసుక దాకా వచ్చేస్తాయన్నాడు. ఒడ్డున నిలబడితే కెరటం లోపల వాటి వీపులు కనిపిస్తాయట. ఫోన్ పెట్టేశాక లమ్జెద్ వరండాలోకి పోయి గాలి ఎటుందో చూసుకున్నాడు. మర్నాడు మళ్ళీ చేశాడు. ఆ మర్నాడూ చేశాడు. పగలంతా ఆ తెల్లటి నీళ్ళు కళ్ళముందు ఆడేవి. సాయంత్రం స్నేహితుడి ఎదురుగా కూర్చుని, గాలి ఎక్కువగా ఉందిరా అనేవాడు.

చివరికి ఒక్కడే పోవాలని నిశ్చయించుకున్నాడు. షెద్లీ కోసం చోటు చూసి రావడానికే పోతున్నానని తనకి తాను చెప్పుకున్నాడు గానీ, ఆ మాట బయట ఎవరితోనూ అనలేకపోయాడు. బజారులో బరువైన సీసపు గుండ్లు కొన్నాడు. ఇసుకలో నాటుకుని కెరటానికి కొట్టుకుపోకుండా వాటికి తీగ కాళ్ళుంటాయి. స్ఫాక్స్‌లో వాటిని అడిగేవాళ్ళే లేరు. కొట్టువాడు లోపలికి పోయి దుమ్ము దులిపి తెచ్చిచ్చాడు. వాటినీ, కొత్త గాలపు కర్రనీ, ఒక దుప్పటినీ కారు డిక్కీలో పెట్టుకున్నాడు.

సెలవులు మొదలైన రోజు సాయంత్రం లమ్జెద్ వెళ్ళేసరికి షెద్లీ వీధిలోనే ఉన్నాడు. చేతిలో అతని గోధుమరంగు ఉన్ని అంగీ ఉంది. నెమ్మదిగా నడవమన్నారని కిందికి దిగాననీ, ఎలాగూ పోయేదే కాబట్టి దీన్ని ముందే కారులో పడేద్దామనీ అన్నాడు. లమ్జెద్ ఇలా ఇవ్వమని చెయ్యి చాచేలోపే డిక్కీ తెరిచేశాడు.

షెద్లీ లోపలికి వంగాడు. ఒక గుండు తీసి అరచేతిలో బరువు చూశాడు. దాని తీగ కాళ్ళని వేలితో వంచాడు.

"ఇది మన సముద్రానికి కాదుగా," అన్నాడు.

"నీకోసమే చోటు చూసొద్దామని..." అంటూ లమ్జెద్ నసిగాడు.

"గాలి నాకొక్కడికేనా వీచేది? నీకు వీయదా?"

గొంతు పెంచలేదు. గుండు ఎక్కడిదక్కడ పెట్టి, డిక్కీ మూసి, అంగీ మళ్ళీ భుజాన వేసుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ పైకి పోయాడు. పిలవాలని లమ్జెద్‌కి నోటిదాకా వచ్చింది. ఆలోపే పైన తలుపు మూసుకుంది.

మర్నాడు పొద్దున్నే ఫౌజియా ఫోన్ చేసింది. షెద్లీ ఇంట్లో లేడు. పొట్టి గాలపు కర్రా, అంగీ కూడా లేవు. ఫోన్ కట్టేసి ఉంది. వ్యాన్ల అడ్డాలో విచారిస్తే, ఉత్తరాన ట్యూనిస్ పోయే మొదటి బండిలో కిటికీ పక్క సీటు అడిగి మరీ కూర్చున్నాడని చెప్పారట. లమ్జెద్ చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి కిందికి దిగి, మళ్ళీ పైకి పరుగెత్తాడు.

ఫౌజియాని కారులో ఎక్కించుకుని సెజ్నాన్‌కి బయలుదేరాడు. ఆలివ్ తోటలు దాటాయి. ఫౌజియా రోడ్డు మీదే చూపు ఉంచి అంది.

"నేను చెప్పమన్న అబద్ధం ఒకటి అన్నయ్యా. నువ్వు నీ సొంతానికి ఇంకోటి కలిపావు."

లమ్జెద్ వేగం పెంచాడు. ముందు పోయే ప్రతి వ్యాన్‌లోకీ తొంగిచూస్తూ నడిపాడు. ఎక్కడో ఒకచోట ఆగి టీ తాగుదామంటే ఆమె వద్దంది. మాతర్ ఊరు దాటి కొండలు మొదలయ్యాక ఆమెకి తెలియకుండానే ఏడుపొచ్చింది. ఆపరేషన్ అయినప్పటినుంచీ భర్త మీద కేకలెయ్యడమే తప్ప, భయమేస్తోందని ఒక్కనాడూ ఆయనతో అనలేదని చెప్పింది. లమ్జెద్ స్టీరింగుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

సెజ్నాన్‌లో ఖమీస్ కాఫీ కొట్టు వెతకనక్కర్లేకపోయింది. షెద్లీ లోపల పొయ్యి పక్కన కూర్చుని తబూనా రొట్టె నూనెలో అద్దుకు తింటున్నాడు. మొహం పాలిపోయి ఉంది. సంచీ డ్రైవరే మోసి తెచ్చి పక్కన పెట్టి పోయాడట. వీళ్ళని చూసి ఆశ్చర్యపోలేదు, కాలితో ఇంకో కుర్చీ ముందుకి జరిపాడు. ఫౌజియా అతని చెయ్యి పట్టుకుని నాడి చూసింది. చూడనిచ్చాడు.

"ఒక్క మాట చెప్పుంటే ఇంట్లోనే కూర్చునేవాణ్ణి," అన్నాడు లమ్జెద్‌తో. "షెద్లీ, నీకేమవుతుందోనని భయంగా ఉంది, నేనొక్కణ్ణే పోయొస్తానని నువ్వంటే, గుండ్లు నేనే కొనిపెట్టేవాణ్ణిరా."

"భయంగానే ఉంది," అన్నాడు లమ్జెద్. "పోవాలనీ ఉంది. రెండూ ఉన్నాయి. ఏది ముందు చెప్పాలో తెలీలేదు."

షెద్లీ చేతిలో ఉన్న రొట్టె సగం తుంచి అతని ముందు పెట్టాడు. లమ్జెద్ దాన్ని నమలకుండా మింగాడు.

షరతులు ఫౌజియా పెట్టింది. ఒక్క రాత్రే ఉంటారు. కారు ఎంతదాకా పోతే అంతదాకే పోతారు. విసరడం లమ్జెద్ పని. షెద్లీ అంగీ, టోపీ తీయకుండా కుర్చీలో కూర్చోవాలి. ఇన్ని షరతులతో వేసే గాలం ఎక్కడైనా ఉందా అని షెద్లీ గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు.

మర్నాడు ఉదయం వాళ్ళు కొండ దిగేసరికి గాలి చాలావరకు పడిపోయి ఉంది. సముద్రం మాత్రం ఇంకా శాంతించలేదు. అంత ఎత్తు నీళ్ళు తమ మీదికే నడిచి రావడం ముగ్గురూ ఎన్నడూ చూడలేదు. షెద్లీ కుర్చీలో కూడా కూర్చోకుండా కాసేపు అలాగే నిలబడిపోయాడు. లమ్జెద్ మొదటి విసురు కెరటం మొహానే పడింది. రెండోది దాటింది. దారం బిగించి గాలపు కర్ర షెద్లీ చేతికిచ్చి, పక్కన నిలబడలేక ఒడ్డు వెంట అటూ ఇటూ తిరగసాగాడు.

"ఆ తిరగడం ఆపు, చేప కూడా బెదిరిపోతుంది," అన్నాడు షెద్లీ. ఆ మాట పూర్తవకముందే కర్ర కొస ఒక్కసారిగా కిందికి వంగింది.

షెద్లీ తొందరపడలేదు. కాస్త చుట్టేవాడు, ఆగి ఊపిరి తీసుకునేవాడు, మళ్ళీ చుట్టేవాడు. లమ్జెద్ వేళ్ళు వాటంతటవే కదులుతున్నాయి. సాయం చేద్దామని ముందుకి వంగితే ఫౌజియా అతని చొక్కా పట్టి లాగింది. తెల్లటి నీళ్ళలో చేప పక్కభాగం వెండిలా మెరిసింది. ఇంకొక్క కెరటం దాటితే ఒడ్డే. లమ్జెద్ ఇక ఆగలేకపోయాడు. బూట్లతోనే నీళ్ళలోకి దూకి దారం చేత్తో పట్టుకుని లాగాడు. దారం పుటుక్కున తెగింది.

లమ్జెద్ మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరిగి షెద్లీ మొహం చూడడానికి ధైర్యం చాలలేదు. చివరికి తిరిగాడు. షెద్లీ కళ్ళలో కోపం ఉంది, బుగ్గల్లోకి రంగు వచ్చింది.

"నిన్ను కుర్చీలో కట్టేసి నేను విసరాల్సింది," అన్నాడు.

ఫౌజియా కారు దగ్గరికి నడిచి ఫోన్ తీసింది. తిరుగు ప్రయాణం గురించేననుకుని ఇద్దరూ తలలు దించుకున్నారు. గాలికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని ఆమె ఖమీస్‌ని, గది ఇంకో రాత్రికి దొరుకుతుందా అని అడుగుతోంది.

లమ్జెద్ అప్పటికే తడిసిన వేళ్ళతో కొత్త గాలం కడుతున్నాడు. ముడి రెండుసార్లు జారిపోయింది. షెద్లీ చెయ్యి చాచి దాన్ని లాక్కుని, తన ఒళ్ళో పెట్టుకుని కట్టడం మొదలుపెట్టాడు.