జారని జావ

వనజ బిడ్డకు తొమ్మిదో నెల. నెలన్నరగా ఆ పాప బరువు ఆరున్నర కిలోల దగ్గరే ఆగిపోయింది. తార్నాకలోని పోషకాహార పరిశోధన సంస్థ నుంచి వారానికోసారి మాణికేశ్వర్ నగర్‌కు వచ్చి పసిపిల్లల్ని తూచే సుధామయికి ఇది అంతుపట్టలేదు. రాగిజావ రోజుకు ఎన్నిసార్లు పడుతున్నారని అడిగినప్పుడల్లా, "మూడు పూటల తాపుతున్నం మేడం" అనేది వనజ. సుధామయి అదే రాసుకునేది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రగులుతున్న 2010 ఫిబ్రవరిలో ఓ మధ్యాహ్నం ఆమె ఆ గల్లీలో ఉండగానే యూనివర్సిటీ వైపు టియర్ గ్యాస్ పేలింది. జనం పరుగులు తీశారు. కళ్లు మండి, దారి తెలియక నిలబడిపోయిన సుధామయిని వనజ అత్త పోచమ్మ రెక్క పట్టి ఇంట్లోకి లాగి తలుపేసింది. యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో పనికెళ్లిన వనజ ఇంకా రాలేదు.

"లొల్లి తగ్గేదాంక గీడనే కూసో. మీది ఏ ఊరు బిడ్డా?"

సుధామయి తటపటాయించింది. "కాకినాడ."

పోచమ్మ ఆమెను తేరిపార చూసింది. "కాకినాడైతే ఏంది, కండ్లు మండయా? కడుక్కో" అంటూ చెంబు అందించింది.

ఇంతలో పాప ఏడుపందుకుంది. పోచమ్మ గిన్నెలోని జావ సీసాలో పోసి పాప చేతికిచ్చింది. సుధామయి నిర్ఘాంతపోయింది. అది జావ కాదు, రంగు నీళ్లు.

"ఇంత పలచగానా అవ్వా?"

"చిక్కగుంటే సీస పీకల నుంచి దిగది. చెంచతోని పెడదమంటే నా చేతులు వణుకుతయి, సగం కిందనే పడుతది. సీసైతే అదే పట్టుకొని తాగుతది."

ఎన్నిసార్లని ప్రతివారం అడిగింది తను. ఎంత చిక్కగా అని గానీ, ఎవరు పడుతున్నారని గానీ ఒక్కసారైనా అడగలేదు. సుధామయికి సిగ్గేసింది.

"ఇవాళ మీరేం వండుకున్నారు?"

"అన్నం, పప్పు."

సుధామయి చేతులు కడుక్కుని, కాస్త అన్నం, పప్పు మెత్తగా పిసికి, నాలుగు చుక్కల నూనె కలిపింది.

"గొంతుకు పడుతదేమో! ఇంక పండ్లన్న రాలె" అని పోచమ్మ గాబరాపడింది.

"చిగుళ్లతోనే నలుపుతుంది. పక్కనే ఉన్నాంగా."

మొదటి ముద్దను పాప నాలుకతో బయటికి నెట్టేసింది. రెండోదీ అంతే. మూడోది కాసేపు చప్పరించి మింగింది. అప్పుడు పోచమ్మ తనూ చేతులు కడుక్కుని చిటికెడు ముద్ద తీసి పాప పెదాలకు ఆనించింది. ఒక్క మెతుకూ రాలలేదు.

"చెంచ లేకుంటే గింత సులువా!" అంది ముసలామె, తన వేళ్లను తనే వింతగా చూసుకుంటూ.

సాయంత్రం వనజ ఎర్రబడ్డ కళ్లతో వచ్చింది. సంగతి విని ముఖం మాడ్చుకుంది. "నేను అబద్ధం చెప్పలే మేడం."

"లేదమ్మా. నేనే సరిగ్గా అడగలేదు."

తర్వాత బంద్‌ల వల్ల మూడు వారాలు రావడం కుదరలేదు. వచ్చి తూస్తే పాప రెండు వందల గ్రాములు పెరిగింది. ఆ అంకె చాలా చిన్నది. దాన్ని రాస్తుంటే మాత్రం సుధామయి గుండె తేలికపడింది.

"నా పళ్లెంలకెల్లి గుంజుకుంటుంది గీ పిల్ల" అని పోచమ్మ మురిసిపోయింది. ఆ వెంటనే కొంగు దోపుకుంటూ లేచింది. "నడువు బిడ్డా. పక్కింటి లచ్చవ్వ మనుమడు గూడ సీస మీదనే ఉన్నడు. నేను చెప్తే ఇనది. నువ్వన్న చెప్పు."