సోయా ముద్దల గది

గురువారం పొద్దున పదింటికి మా కోడలు దియెప్, పట్నంలోని పెద్ద హాల్లో నిలబడి, కుడిచెయ్యి ఎత్తి, నేనీ దేశపు పౌరురాలినని ప్రమాణం చేయాలి. ఆ రోజు ఆమె కట్టుకోవడానికని నా పెళ్ళినాటి హన్‌బొక్‌ను సోమవారమే పెట్టెలోంచి తీశాను. ఎర్ర లంగా, ఆకుపచ్చ పైచొక్కా. నేను పొట్టిదాన్ని, ఆమె నాకంటే జానెడు పొడుగు. అంచు మడత విప్పితే లోపల దాగిన ఎరుపు బయటపడింది. యాభై రెండేళ్ళుగా వెలుతురు చూడని ఎరుపు. మిగిలిన లంగా దాని ముందు వెలవెలబోయింది.

అప్పుడే యొంజు ఊరావిడ వచ్చింది. మా పల్లెలో ఆడవాళ్ళను పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తారు. నేను పుంగి ఊరిదాన్ని. పెళ్ళయ్యాక నా అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. అది సంతకానికి బదులు వేసే నా చిన్న చెక్కముద్ర మీద మాత్రం మిగిలింది. దియెప్‌ను మాత్రం ఎవరూ ఏ ఊరి పేరుతోనూ పిలవలేదు. వియత్నాంలో వాళ్ళ ఊరి పేరు నోరు తిరగదన్నారు. పదమూడేళ్ళుగా ప్రయత్నించినవాళ్ళూ లేరు.

"కుట్టు కుట్టు, రెక్కలు నువ్వే కుట్టిస్తున్నావు" అంది యొంజు ఊరావిడ, వసారాలో కూలబడుతూ. "పౌరసత్వం కార్డు చేతికొచ్చిన మర్నాడే పిట్ట ఎగిరిపోతుంది చూస్కో. వాగవతల వాళ్ళ కోడలు ఏం చేసింది? కూర పొయ్యి మీదుండగానే బస్సెక్కేసింది."

"ఆ కూర పాడవకుండా నువ్వే తినొచ్చావు కదా" అన్నాను.

"తిన్నాను, బాగానే వండింది పాపం" అని నవ్వి, "నవ్వులాట కాదే పుంగీ. నీకు మిగిలింది ఆ ఇద్దరే" అంది.

ఆ మాటే నా గుండెలో ముల్లు. నా కొడుకు బ్యొంగ్‌చోల్ పోయి ఏడేళ్ళు. ఇంట్లో నేనూ, దియెప్, మనవరాలు దాన్‌బి. ఆ ఇద్దరూ వెళ్ళిపోతే నేనేమవుతాను? ఈ ఒక్క భయంతో తొమ్మిదేళ్ళ కిందట ఒక పని చేశాను. పని అనడం కూడా ఎక్కువేమో. నోరు మూసుకున్నాను, అంతే.

అప్పటికి దాన్‌బికి మూడేళ్ళు. బ్యొంగ్‌చోల్ బతికే ఉన్నాడు. దియెప్ మొదటిసారి పౌరసత్వానికి అర్జీ పెట్టింది. అప్పుడూ ఇదే యొంజు ఊరావిడ, ఇదే వసారా, ఇదే పిట్ట. నేను పగలంతా నవ్వేసి, పడుకోబోయే ముందు వీధి తలుపు గడియ రెండుసార్లు చూసుకునేదాన్ని.

ఆ ఏడు చలికాలం మొదట్లో, ఏడాది పొడుగునా వంటల్లోకి వాడే పులిసిన ముద్ద కోసం సోయా గింజలు ఉడకబెట్టి, దంచి, ఇటుకల్లా ముద్దలు చేసి, గడ్డితో కట్టి మా పెద్దగది దూలానికి వేలాడదీశాను. ముద్దలు బూజు పట్టాలంటే గది వెచ్చగా ఉండాలి. బాయిలర్ నూనె రెండు గదులకు ఎక్కడొస్తుంది? ముద్దలు వేలాడినన్నాళ్ళూ ఆ ఒక్క గదికే నేల కింద వేడి పెట్టి, ఆ కంపులోనే నలుగురం వరసగా పడుకునేవాళ్ళం. గోడ వారన నేను, పక్కన పాప, తర్వాత దియెప్, తలుపు దగ్గర నా కొడుకు. పొద్దున్నే వాడు తన పరుపు మడిచి తన గదిలో బీరువాలో పెట్టేవాడు. మా పల్లెలో ఏ ఇంట్లో చూసినా ఇంతే.

పెళ్ళి నిజమైనదో, కాగితాల కోసం చేసుకున్నదో చూడటానికి పౌరసత్వం ఆఫీసువాళ్ళు చెప్పాపెట్టకుండా వచ్చారు. ఇద్దరు, ఒకడు కుర్రవాడు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. దియెప్ పాపను తీసుకుని మండలంలో భాష నేర్పే తరగతికి వెళ్ళింది, బ్యొంగ్‌చోల్ సంతకి. కుర్రవాడు ముక్కు మూసుకుంటూ పెద్దగదిలోకి తొంగిచూశాడు. నా పరుపు, పాప పరుపు, దియెప్ పరుపు. తర్వాత నా కొడుకు గది తలుపు తీశాడు. మంచులా చల్లటి నేల, ఒక మగవాడి కోటు, బీరువాలో ఒక పరుపు.

"అవ్వా, కోడలు ఎక్కడ పడుకుంటుంది?"

"నా గదిలో."

"మీ అబ్బాయో?"

"అది వాడి గది" అన్నాను.

రెండూ నిజాలే. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. తలెత్తి ఆ ముద్దలు చూపించి, "బాబూ, చలికాలం కదా, అందరం ఒకచోటే" అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరికొచ్చింది. మింగేశాను. కుర్రవాడు ఏదో రాసుకున్నాడు. నేను వాళ్ళకు బార్లీ టీ ఇచ్చి పంపించాను.

వసంతంలో ఉత్తరం వచ్చింది, కుదరదని. బ్యొంగ్‌చోల్ వంటింట్లో నిలబడి చదివి, "అమ్మా, వాళ్ళొచ్చిన రోజు ఏమడిగారే?" అన్నాడు.

"ఏదో అడిగారు, ఇల్లు చూసి పోయారు" అన్నాను.

రెండేళ్ళ తర్వాత గట్టు మీద ట్రాక్టర్ తిరగబడి వాడు పోయాడు. అప్పట్నుంచి ప్రతి వసంతంలోనూ దియెప్ ఇక్కడ ఉండటానికి గడువు పొడిగించుకోవాల్సి వచ్చేది. ఈమె మా ఇంట్లోనే ఉంటోంది, నా మనవరాలిని పెంచుతోంది అని ఒక కాగితం. దాని కింద నా ముద్ర. ఆ కాగితం రెండు చేతులతో పట్టుకొచ్చి, నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అత్తమ్మా, ముద్ర వేస్తారా?" అనేది. నేను వెంటనే వేసేదాన్ని కాదు. కళ్ళజోడు వెతికేదాన్ని. ఎర్రసిరా ఎండిపోయిందనేదాన్ని. ఒక ఏడు మిరపనారు పోయడం అయ్యాక చూద్దామన్నాను. ఆమె నారంతా తనొక్కతే పోసి వచ్చి మళ్ళీ కూర్చుంది.

ఇప్పుడు రెండో అర్జీ నెగ్గింది. వారం రోజులుగా గిన్నెలు తోముతూ ప్రమాణం వల్లె వేస్తోంది, చట్టాన్ని పాటిస్తాను, నా బాధ్యతలు నెరవేరుస్తాను అని. తప్పు చదివితే దాన్‌బి చెంచాతో బల్ల మీద కొట్టేది. "అమ్మా, గొణగొద్దు! పోట్లాడేటప్పుడు అరుస్తావు చూడు, అలా చెప్పు."

బుధవారం మధ్యాహ్నం కొలత సరిచూడటానికి దియెప్‌ను లంగా కట్టి నిలబెట్టాను. నేను కింద కూర్చుని నోట్లో గుండుసూదులు పెట్టుకుని అంచు సర్దుతున్నాను. ముఖం చూడక్కర్లేదు కదా, ఆ ధైర్యంతో మొదలుపెట్టాను.

"దాన్‌బి అమ్మా... మొదటిసారి ఆఫీసువాళ్ళు వచ్చారే, ఆ రోజు..."

"తెలుసు అత్తమ్మా."

సూదులు అరచేతిలోకి ఉమ్మేశాను. "ఏం తెలుసు?"

"పోయినేడు అర్జీ పెట్టినప్పుడు పాత ఫైలు తీసి చదివారు. కోడలు పడుకునేది నా గదిలో, మా అబ్బాయిది వేరే గది అని అత్తగారు చెప్పినట్టు అందులో ఉంది. దేనికిలా చెప్పారని నన్నడిగారు. సోయా ముద్దల సంగతి నేనే చెప్పాను. ఆఫీసులో అడిగిన అమ్మాయిది కూడా పల్లెటూరేనట, నవ్వింది."

"ఏడాదిగా తెలిసీ నన్ను అడగలేదేం?"

"ఇంకోసారి మీ ముద్ర కావాలి కదా" అంది.

గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"వెళ్ళిపోతావా?"

"సోమవారం నుంచి ఊల్సాన్‌లో, ఓడల కార్ఖానా వంటశాలలో పని. దాన్‌బికి అక్కడే బడి చూశాను."

"మొదటిసారే ఇచ్చుంటే? అప్పుడూ వెళ్ళేదానివేనా?"

ఆమె లంగా కొంచెం పైకెత్తి, "కుడివైపు ఇంకో వేలెడు పొట్టిగా ఉంది అత్తమ్మా" అంది.

ఆ వేలెడూ వదిలి కుట్టాను.

గురువారం హాల్లో నూరుమందికి పైగా ఉన్నారు. దియెప్ గట్టిగా, ఒక్క మాట తడబడకుండా చెప్పింది. చేతికి పత్రం, చిన్న జెండా ఇచ్చారు. తర్వాత బల్ల దగ్గర కాగితాలేవో నింపుతుంటే నేను అలవాటు కొద్దీ సంచిలోంచి ముద్ర తీసి, సిరా మూత కూడా తెరిచి పెట్టాను.

బల్ల వెనక అమ్మాయి చూసి, "అవ్వా, అది అక్కర్లేదు. ఆవిడ సంతకం చాలు" అంది.

దియెప్ సంతకం చేసింది. నేను సిరా మూత పెట్టాను. వేలికంటిన ఎరుపు రుమాలుకు తుడిచినా పోలేదు.

ఆదివారం ఇద్దరూ బస్సెక్కారు. దాన్‌బి కిటికీలోంచి కనబడినంతసేపూ చెయ్యూపింది. స్టాపు దగ్గరికి యొంజు ఊరావిడ కూడా వచ్చింది.

"చెప్పానా లేదా? ఎగిరిపోయింది."

"ఎగరలేదు, నేనే పంపించాను" అన్నాను.

"నువ్వా? ఎప్పుడు?"

"తొమ్మిదేళ్ళ కిందట."

ఆమె నా ముఖంలోకి చూసి, ముసలిదానికి మతి చలించిందనుకుందేమో, చెయ్యి పట్టుకుని నడిపించింది. దారిలో, "చలి ముదురుతోంది. సోయా గింజలు నానబెట్టావా?" అంది.

లేదన్నాను. ఇంటికొచ్చి పెద్ద గిన్నె కడిగి, బస్తా మూతి విప్పి, కొలత డబ్బా చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఒక్కదానికి ఎన్ని నానబెట్టాలో నాకు తెలియలేదు.