డోర్ నెంబరు లేని పేరు

దండెం మీది చొక్కాల చేతులు సముద్రం వైపు చాచి ఉన్నాయి.

అంటే గాలి ఫ్యాక్టరీలున్న మనలి నుంచి వస్తోంది.

చెన్నైకి ఉత్తరాన, తిరువొత్తియూరులో పొద్దున పూట గాలి ఎటుందో చంద్రకళ అలాగే చూస్తుంది. మేడ మీద నిలబడి, ఎదురింటి వాకిట్లో చెంగమ్మ కట్టిన దండెం చూసి. వాసన ముక్కుకు తెలిసేది తర్వాత. కుళ్లిన గుడ్డు వాసన. గొంతులో గీరుతుంది.

ఎనిమిది పేజీల తెలుగు పక్షపత్రికకు ఆమె సంపాదకురాలు. విలేకరీ ఆమే. ప్రూఫులు దిద్దేదీ ఆమే. నాలుగు వీధుల్లోని తెలుగు ఇళ్లకు చేరే పత్రిక. తండ్రి పెట్టాడు. ఆయన పోయాక ఆమె నడుపుతోంది — ఇరవై రెండేళ్లుగా.

తండ్రి పెట్టిన నియమం ఒకటుంది.

ఏ పేరూ ఒంటరిగా అచ్చు కాకూడదు. పక్కన తండ్రి పేరు, వీధి, డోర్ నెంబరు ఉండాలి. ఈ నాలుగు వీధుల్లో దొరస్వాములే నలుగురు. చావు ఒకరింట్లో అయితే పలకరింపు ఇంకొకరి గడపకు పోకూడదు.

జనవరిలో ఒక పొద్దున గాలితో పాటు గ్యాస్ వచ్చింది. మనలిలోని ఒక ఫ్యాక్టరీ నుంచి.

పదకొండు మంది పడిపోయారు.

ఏమీ జరగలేదని ఫ్యాక్టరీ చెప్పింది. చంద్రకళ పదకొండు పేర్లూ వేసింది. నియమం ప్రకారం.

నాలుగో పేరు చెంగమ్మ మొగుడు దొరస్వామిది. ఆ ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు కూలీ. పత్రిక పట్టుకుని వచ్చాడు. దగ్గుతూనే నవ్వాడు.

"నా పెండ్లి కార్డులో కూడా నా పేరు ఇంత వివరంగా ఎయ్యలేదు గదక్కా."

మర్నాడు కాంట్రాక్టరు మనుషులు అదే పత్రిక మడిచి పట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డారు. పేరు, తండ్రి పేరు, వీధి, నెంబరు. గేటు పాసులో ఉండేవీ అవే. వెతుక్కునే పని లేకపోయింది.

పదకొండు మందిలో తొమ్మిది మంది అక్కడి కూలీలే. తొమ్మిది మందినీ వెనక్కి పంపారు.

కాంట్రాక్టరు మనుషులకు ఆ తెలుగు చదివిపెట్టినవాడు ఈ నాలుగు వీధుల్లోని వాడే.

ఎవరూ చంద్రకళను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది…

దగ్గులు ఆగలేదు. మార్చిలో ఒకరు పోయారు. మేలో ఒకరు. గుండె అని డాక్టర్లు రాశారు. 'జనవరి గాలి పీల్చినవారు' అని రాసింది ఆమె పత్రిక ఒక్కటే.

జూలైలో దొరస్వామి.

మూడో రోజు చెంగమ్మ వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఆయన పేరు ఎయ్యొద్దక్కా."

చంద్రకళ కలం కింద పెట్టింది.

"మా శంకర్ ఆ ఫ్యాక్టరీలోనే పనికి పోతా ఉండాడు. వాళ్ల మామ అడ్రసు పెట్టి చేరినాడు. ఏ దొరస్వామి కొడుకని ఎవురూ అడగలేదు. అడిగినారంటే గేటు కాడనే నిలిపేస్తారు."

"సరే."

"మీ నాయనుంటే ఒప్పుకోడు."

"ఒప్పుకోడు."

చెంగమ్మ రవికలోంచి ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. దొరస్వామి, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని.

"వెయ్యొద్దంటివి. మళ్లీ ఇదెందుకు తెచ్చినావు?"

"ఏమో. తెచ్చినా."

వెళ్లిపోయింది. ఫొటో బల్ల మీదే ఉంది.

మరిచిపోయిందో. వదిలిపెట్టిందో.

వాషర్‌మెన్‌పేట్ ప్రెస్సు నుంచి మణిమారన్ ఫోన్ చేశాడు. నాలుగో పేజీలో జాగా మిగిలింది.

"మేడమ్, పోడలామా, వేండామా?"

వెయ్యాలా వద్దా అని అరగంటలో మూడుసార్లు అడిగాడు.

వెయ్యకపోతే, ఆ గాలికి పోయినవారు ఇద్దరే.

వేస్తే — శంకర్.

మూడోసారికి చెప్పింది. ఫొటో లేదు. వీధి లేదు. డోర్ నెంబరు లేదు. కొడుకు పేరు లేదు.

దొరస్వామి. జనవరి గాలి పీల్చి పోయినవారిలో మూడవవారు.

ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఒక పేరు ఒంటరిగా అచ్చయింది.

శుక్రవారం పత్రిక ఇళ్లకు చేరింది. ఏ దొరస్వామి అని ఎవరూ అడగలేదు. మిగతా ముగ్గురి గడపలకూ ఎవరూ వెళ్లలేదు.

అందరికీ తెలుసు. గేటు దగ్గర చదివిపెట్టేవాడికీ తెలుసు.

ఫొటో కోసం చెంగమ్మ రాలేదు.

శనివారం పొద్దున పది. చంద్రకళ మేడ మీద ఉంది.

కంపెనీ ఇచ్చేది ఒక్కటే నీలం చొక్కా. సాయంత్రం చెంగమ్మ ఉతికి ఆరేస్తుంది. పొద్దున శంకర్ తొడుక్కుని పోతాడు. పది గంటలప్పుడు అది దండెం మీద ఉండకూడదు.

ఉంటే, గేటు నుంచి వెనక్కి వచ్చినట్టు.

దండెం మీద దుప్పటి ఉంది. దుప్పటి వెనక ఏదో ఆరేసి ఉంది.

నీలమా, నీడా…

చెంగమ్మ వాకిట్లోకి వచ్చింది. తలెత్తి మేడ మీదికి చూసింది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

గాలి లేదు. వాసన లేదు. దుప్పటి కదలడం లేదు.

చంద్రకళ పిట్టగోడ పట్టుకుని నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మనలి గాలి కోసం ఎదురుచూస్తూ —

దుప్పటి లేస్తే, వెనక నీలం చేతులు సముద్రం వైపు చాచి ఉన్నాయో లేదో తెలుస్తుందని.