నాలుగో గుంత దగ్గరి గంట

నేను ఒక కంచు గంటను. విశాఖపట్నంలో ఒక గోల్ఫు క్లబ్బువారి సొత్తును. నన్ను పోతపోసిన కంచరి అదే కొలతతో ఇంకో గంట కూడా పోశాడు. అది కొండమీది గుడికి వెళ్లింది. నేను దొరల ఆటస్థలానికి వచ్చాను. మా ఇద్దరి గొంతూ ఒకటే.

నా ఉద్యోగం చెబుతాను. నాలుగో గుంతకు ముందు ఒక దిబ్బ అడ్డం. ఇవతలినుంచి బంతి కొట్టేవాడికి అవతలి పల్లం కనిపించదు. అందుకని ముందు వెళ్లినవాళ్లు ఆ పల్లం దాటాక నన్ను మోగించాలి. దారి ఖాళీ, ఇక కొట్టుకోండి అని అర్థం. దొరలు పోయారు, మిల్లుల యజమానులూ ఓడల కంపెనీలవారూ వచ్చారు. బంతిని తామే దూరంగా కొట్టి, తామే ఎండలో వెతుక్కునే ఈ పెద్దమనుషుల సరదా నాకిప్పటికీ బోధపడలేదు. నా మాటను మాత్రం అందరూ వేదవాక్కులా నమ్మేవారు. అందుకు గర్వపడేదాన్ని కూడా.

సన్యాసమ్మ ముప్ఫై ఏళ్లుగా అక్కడ కలుపు తీసేది. పనివాళ్లు నన్ను ముట్టుకోకూడదని ఆమెకు తెలుసు. కోడలు పైడమ్మ పనిలో చేరిన మొదటిరోజు ఆ పిల్లకు ఆ సంగతి చెప్పడం అత్త మరిచిపోయింది. అత్త పల్లంలో వంగి గడ్డి పీకుతోంది. పైడమ్మ నా ముందు చెప్పులు విడిచింది, పని చల్లగా సాగాలని దణ్ణం పెట్టుకుంది, నన్ను మూడుసార్లు మోగించింది. అంత భక్తిగా నన్నెవరూ ఎన్నడూ తాకలేదు. నేను పొంగిపోయి గట్టిగా మోగాను.

దిబ్బ ఇవతలి పెద్దమనిషి బంతి కొట్టాడు. అది సన్యాసమ్మ ఎడమ కంటికి తగిలింది. కన్ను దక్కలేదు.

కొన్నాళ్లకు కమిటీవారు నా దగ్గరికే వచ్చి విచారణ పెట్టారు. గంట కొట్టినవాళ్లను పనిలోంచి తీసేస్తామన్నారు. పైడమ్మ నోరు తెరవబోయింది. అత్త ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"ఊరుకోయే. నా కన్ను ఎలాగూ పోనాది. నీ కూలి కూడా పోతే పిల్లలకేటెడతావు?" అని గొణిగి, కార్యదర్శి వైపు తిరిగింది. "నానే కొట్టినాను బాబూ. గుడి గంటనుకున్నాను."

ముప్ఫై ఏళ్లు అక్కడే పనిచేసిన మనిషి కొత్తగా అలా ఎందుకు అనుకుందని ఒక్కరూ అడగలేదు. ఆ రోజే ఆమెను పంపేశారు.

నా చోట ఎర్రదీపం పెట్టారు. నా నాలుక ఊడదీశారు. క్లబ్బు నూరేళ్ల పండుగకు నన్ను తోమి, హాల్లో అద్దాల బీరువాలో కూర్చోబెట్టి, కింద ఇత్తడి రేకు బిగించారు. పైడమ్మ ఇప్పుడు ఆ హాలు తుడుస్తోంది. మొన్న ఆ రేకుమీద ఏం రాశారో చదివిపెట్టమని వెయిటర్ని అడిగింది.

"ఈ గంట కాపలా ఉన్నన్నాళ్లూ ఒక్క సభ్యుడికీ దెబ్బ తగల్లేదు" అని చదివాడతను.

పైడమ్మ ఇంకోసారి చదవమంది. చదివాడు.

"నిజమే బాబూ," అంది పైడమ్మ. "మా యత్త సభ్యురాలు కాదు."

తరవాత గుడ్డ తడిపి నా అద్దం తుడిచింది.