పది నిమిషాల ఉత్తరం

ఇరవై రెండు రోజులుగా మాటల్లేని మొగుడూ పెళ్లాలం, పెళ్లి కాబోయే పన్నెండు జంటలకు మాట్లాడుకోవడం గురించి పాఠం చెప్పడానికి నరసాపురం బస్సెక్కాం. ఆయన ముందు సీట్లో కూర్చున్నారు. నేను మూడు వరసల వెనక కూర్చున్నాను. నా ఒళ్లో రెండు చీరలు కుక్కిన సంచి ఉంది. పాఠం అయిపోగానే అటునుంచి అటే పిఠాపురంలో మా చెల్లెలింటికి వెళ్లిపోదామని నా ఆలోచన. ఎన్నాళ్లకు తిరిగొస్తానో, అసలు వస్తానో రానో నాకే తెలియదు. ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. మాటలుంటే కదా చెప్పడానికి.

కతోలిక గుడిలో పెళ్లి కావాలంటే ముందు మూడు రోజుల తరగతులకు వెళ్లి తీరాలి. డాక్టరు గారొకరు వస్తారు, లాయరు గారొకరు వస్తారు, ఫాదర్ గారు సరేసరి. చివరి రోజు కాపురంలో అనుభవమున్న జంట ఒకటి వచ్చి మాట్లాడాలి. ఎనిమిదేళ్లుగా ఆ అనుభవమున్న జంట మేమే. నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని, మావారు జయపాల్ గారు రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఈసారి మావల్ల కాదని ఫాదర్ గారికి చెబుదామనే అనుకున్నాను. "మీరు లేకపోతే ఎలాగమ్మా" అన్నారాయన. ఆ మాటకు లొంగిపోయాను. పొగడ్తకు పడిపోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

గొడవ చిన్నదే. మా అమ్మవాళ్లు లూథరన్లు, వేరే శాఖ క్రైస్తవులు. వాళ్ల గుడిలో కోతపండుగకు బండి మీద దింపమని అడిగాను. "బండి బాగాలేదు, బస్సులో వెళ్లు" అన్నారు. మర్నాడు మెకానిక్ అచ్చిబాబు కనిపిస్తే అడిగాను. "మీ బండి నాదగ్గరికి రాలేదండి" అన్నాడు. సరే అని ఊరుకున్నాను. ప్రతి గురువారం గుడి పనని పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి వస్తున్నారు కదా, ఆ ఆదివారం మా ఊరి గుడి ఫాదర్ గారే నన్ను ఆపి, "జయపాల్ గారు గురువారాలు కనపడటం లేదేంటమ్మా" అన్నారు. ఇంటికొచ్చి ఎక్కడికి వెళ్తున్నారని నిలదీశాను. "నీకెందుకు" అన్నారు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ మాట వినడం అదే మొదలు. ఆ రోజునుంచి నేనూ నోరు తెరవలేదు. కాఫీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టినా తల తిప్పి చూడరు. అంత చులకనైపోయానా అని ఒళ్లు మండిపోయేది. గురువారాలకు ఒక ఆడమనిషిని కూడా ఊహించి పెట్టుకున్నాను. ఆవిడకు చీర రంగు కూడా నేనే ఎంచాను.

మేము చెప్పే పాఠంలో ముఖ్యమైనది ఉత్తరం. భార్యాభర్తలు విడివిడిగా కూర్చుని పది నిమిషాలు మనసులో ఉన్నది రాయాలి. ఒకరిది ఒకరు మార్చుకుని రెండుసార్లు చదవాలి, మొదట విషయం కోసం, తర్వాత మనిషి కోసం. ఆ తర్వాతే మాట్లాడుకోవాలి. దీన్ని చూపించడానికి ముందు మా ఉత్తరాలు మేం చదివి వినిపిస్తాం. ఎనిమిదేళ్లుగా అవే రెండు ఉత్తరాలు. మొదటి ఏడాది, నేను చేసిన ఉప్పు కషాయంలాంటి పులుసు గురించి ఆయన రాసింది ఒకటి, దానికి నేనిచ్చిన జవాబు ఒకటి. పిల్లలు ఏటా ఒకేచోట నవ్వుతారు.

ఈసారి చదవడం పూర్తయ్యాక ముందు వరసలోంచి ఒకమ్మాయి చెయ్యెత్తింది. పేరు తబిత. లేసు కంపెనీలో డిజైన్లు గీస్తుందట. లూథరన్ల పిల్ల, కతోలికుల అబ్బాయి శాంతికుమార్‌ని చేసుకుంటోంది. ఒకప్పుడు నేనూ అలా వచ్చినదాన్నే కాబట్టి పొద్దుటినుంచీ ఆ అమ్మాయంటే ముచ్చటగా ఉంది.

"ఆంటీ, ఆ కాయితం మడతల దగ్గర చిరిగిపోయిందండి" అంది. "ఎప్పుడు రాసిందండి?"

నేను నిజమే చెప్పాను. ఎనిమిదేళ్లయిందన్నాను.

"మరైతే ఇప్పుడు మాతోపాటు మీరూ కొత్తగా రాయండి. మీరు రాస్తుంటే మాకూ ధైర్యంగా ఉంటుందండి."

ముచ్చట ఆ క్షణంలోనే పోయింది. ఫాదర్ గారి వైపు చూశాను. ఆయన చిన్నగా నవ్వి, బోర్డు మీద ప్రశ్న రాశారు: 'ఈ మధ్య నీ తోడుకు చెప్పకుండా దాచింది ఏమిటి?'

ఇద్దరికీ తెల్ల కాయితాలు ఇచ్చారు. నేను వరండాలో ఒక చివర కూర్చున్నాను, ఆయన రెండో చివర. నాకు పది నిమిషాలు అక్కర్లేకపోయింది. సంచి గురించి రాశాను, పిఠాపురం గురించి రాశాను, అబద్ధాలు చెప్పే మనిషి పక్కన కూర్చుని నీతులు చెప్పడం నావల్ల కాదని రాశాను. కాయితం చిరిగేలా రాశాను. ఆయన వచ్చి తన ఉత్తరం చేతిలో పెట్టి, నాది తీసుకున్నారు.

'హెలెన్, నాకు నీటికాసులు, అదే గ్లాకోమా, అని డాక్టర్లు అన్నారు. మా నాన్నకు వచ్చిన కంటి జబ్బే. ఎడమ కంటికి పక్క చూపు చాలావరకు పోయింది. మొన్న జూన్‌లో కాలవ గట్టు మీద ఎడమ పక్కనుంచి గేదె వచ్చి బండికి తగిలేదాకా నాకు కనపడలేదు. నువ్వు వెనక కూర్చుని ఉంటే ఇద్దరం కాలవలో ఉండేవాళ్లం. అప్పటినుంచి బండి తియ్యలేదు. నాన్న చూపు పోతే నాలుగేళ్లు చెయ్యి పట్టుకుని తిప్పింది నువ్వే. మళ్లీ అదే చాకిరీ నీకు పెట్టాలంటే నోరు రాలేదు. గురువారాలు రాజమండ్రి కంటాసుపత్రికి వెళ్తున్నాను. మొన్న డాక్టరు గారు చెప్పారు, చుక్కల మందు పనిచేస్తోందట. పోయిన చూపు రాదు, మానకుండా వేసుకుంటే ఉన్నది నిలబడుతుందట. ఆ రోజు చాలా సంతోషం వేసింది. చెప్పుకుందామంటే నువ్వు మాట్లాడటం లేదు.'

రెండుసార్లు చదవాలని అందరికీ చెప్పేదాన్ని, మూడుసార్లు చదివాను. నాకు మొదట వచ్చింది కోపమే. రెండు నెలలు ఒక్కడే ఇంత భయం మోశాడా ఈ మనిషి అని. ఆ కోపం వెనకాలే గుండెల మీంచి బండరాయి దొర్లినంత తేలికగా అనిపించింది. గుడ్డితనం లేదు, ఆడమనిషి లేదు. కాఫీ గ్లాసు ఎప్పుడూ ఎడమ పక్కనే పెట్టేదాన్నని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన తల తిప్పకపోవడం కాదు, అక్కడ గ్లాసుందనే ఆయనకు తెలియలేదు.

ఆయన నా ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"సంచిలో ఏమున్నాయి?" అన్నారు.

"రెండు చీరలు."

"రెండేనా? అంత కోపానికి?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మీ నాన్నగారిని చూసుకోవడం చాకిరీ అని నేనెప్పుడైనా అన్నానా?" అన్నాను.

"అనలేదు."

"మరి మీరెందుకు అనుకున్నారండీ?"

"భయపడ్డాను హెలెన్" అన్నారు. అక్కడే కూర్చుని చెల్లెలికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. నేనూ ఒక మాట ఒప్పుకున్నాను. పిఠాపురం వెళ్దామనుకునే ముందు ఇంకోసారి గట్టిగా అడిగి ఉండాల్సింది, అలిగి కూర్చోవడం నాకు హాయిగా ఉందని. ఆయన తలూపారు. అది ఆయనకు ఇరవై ఆరేళ్లుగా తెలిసిన సంగతే.

హాల్లో జంటలన్నీ కాయితాలు మార్చుకుంటున్నాయి. కిటికీ దగ్గర తబిత, శాంతికుమార్ ఏదో గట్టిగానే వాదించుకుంటున్నారు. పోనీ, పెళ్లికి ముందే వాదించుకోనీ అనుకున్నాను.

ఐదైంది. ఆయన జేబులోంచి చిన్న సీసా తీసి, లేచి వరండా వెనక్కి నడవబోయారు. చుక్కల వేళ అయిందన్నమాట. ఇన్నాళ్లూ మా ఇంట్లో కూడా ఇలాగే ఏ గోడ వెనకో వేసుకుని ఉంటారు.

"ఇటివ్వండి" అన్నాను.

మెట్టు మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని తల పైకెత్తాను. వేలితో కింది రెప్ప లాగి ఒక చుక్క వదిలాను. ఆయన ఉలిక్కిపడ్డారు.

"ఏంటండీ, మండిందా?"

"లేదు, చల్లగా ఉంది. నేను వేసుకుంటే సగం చెంప మీదకే పోయేది. చుక్కంతా కంట్లో పడటం ఇవాళే."

ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. ముక్కు చీదుకుని, రెండో కన్ను తెరవమన్నాను.