కంచం ముందు, సూది తర్వాత

ఇన్సులిన్ వేయడానికి నాకొక పద్ధతి ఉంది. తినే కంచం మంచం పక్కకు వచ్చాకే సూది. కంచం రాకముందే సూది గుచ్చి చేతులు దులుపుకునే నర్సులంటే నాకు ఒళ్ళు మంట. రక్తంలో చక్కెర పడిపోతే మనిషి మాటాపలుకూ లేకుండా జారిపోతుంది, ఆ తర్వాత ఎవరు పరుగెత్తి ఏం లాభం? నా నోటికి జడిసి తోటి నర్సులు నాతో టీ తాగడం కూడా మానుకున్నారు. పోనీలే అనుకుంటాను గానీ, డ్యూటీ దిగి ఈ తమిళ ఊరు ధర్మపురిలో సందులో ఉన్న నా గదికి వెళితే తాళం తీసేదీ నేనే, దీపం వేసేదీ నేనే.

రంగమ్మవ్వది బొమ్మిడి దగ్గర పల్లె. మా ఆడవాళ్ళ వార్డులో తెలుగు మాట్లాడే రోగి ఆమె ఒక్కతే, తెలుగు తెలిసిన నర్సును నేనొక్కదాన్నే. ఇక్కడికి దగ్గర్లోని ఏ. పళ్లిపట్టి అనే ఊళ్ళో అంగడి పెట్టుకుని బతికిన తెలుగు కుటుంబం మాది. అమ్మ పోయాక ఇంటి మాట నా నోట రావడమే అరుదైంది. అందుకే అవ్వకు సూది వేసేటప్పుడు అక్కర్లేని కబుర్లు కూడా చెప్పేదాన్ని. ఆమె కొడుకు ధర్మరాజ్ తల్లిని ఆసుపత్రిలో చేర్చి, బెంగుళూరులో కట్టడం పనికి వెళ్ళిపోయాడు. శనివారం వస్తానన్నాడట.

ఆ శనివారం పొద్దున రొట్టె, పాలు వచ్చాయి. కంచం చూశాను, సూది వేశాను.

"వెంటనే తినాల అవ్వా."

"సరేమ్మా."

మిగతా మంచాలు చూసుకుని తిరిగొచ్చేసరికి రొట్టె పెట్టింది పెట్టినట్టే ఉంది. పాల మీద మీగడ కట్టింది. అవ్వ వాకిలి వైపు చూస్తోంది, నుదుటి నిండా చెమట.

"ఏమవ్వా, తినలేదే?"

"పురటాసి నెల శనివారం కదమ్మా, వెంకటరమణస్వామి దినం. మా ఇంట్లో ఒకరు వెంకటరమణా అంటే ఇంకొకరు గోవిందా అనాల. ఆమీటనే నోట్లో పెట్టేది. మా ఆయన పలుకుతా ఉండె. ఆయన పోయినాక కొడుకు పలుకుతా ఉండె. వాడు వచ్చేస్తాడు."

"ముందే చెప్పుంటే సూది ఆపి డాక్టర్ని అడిగుందును కదా."

"చెప్తే నువ్వు తిడతావని."

తిట్టేదాన్నే. అందులో అబద్ధమేమీ లేదు.

ఆమె వేళ్ళు వణుకుతున్నాయి. పాలల్లో చక్కెర కలిపి నోటి దగ్గర పెట్టాను. పెదవులు బిగించింది.

"నేను పలుకుతాను, తాగు."

"నువ్వు మా ఇంటిదానివి కాదు కదమ్మా. ఒక కంచంలో తినేటోళ్ళు పలకాల."

గ్లూకోజ్ ఎక్కించడానికి అన్నీ తెమ్మని ఆయా వళ్ళిని పంపాను. అది వచ్చేదాకా ఆగడానికి నాకు ధైర్యం చాలలేదు. రోగి తిండి నర్సు ముట్టకూడదని అందరికీ పాఠం చెప్పేదాన్ని నేనే. వార్డంతా చూస్తుండగా ఆ కంచంలోని రొట్టె తుంచి నోట్లో వేసుకున్నాను.

"ఇప్పుడు ఒకే కంచం కదా. అను."

"పలకకముందే తినేస్తివే. పాపం తగులుతుంది."

"నాకు తగలనీ. నువ్వు అను."

నన్ను ఎగాదిగా చూసింది. "వెంకటరమణా" అంది, సగం గొంతుతో.

"గోవిందా" అన్నాను. పక్క మంచాల వాళ్ళు నవ్వారో, చేతులు జోడించారో నేను చూడలేదు.

పాలన్నీ తాగింది. రొట్టె తింటుండగా మెల్లగా వణుకు తగ్గింది. సగంలో ఆగి, మిగిలింది నా వైపు జరిపింది.

"సూది నీకు వేసినాను, నాకు కాదు. అంతా నువ్వే తినాల."

తినేసి కొంగుతో మూతి తుడుచుకుంది. వళ్ళి తెచ్చిన గ్లూకోజ్ సీసాను వెనక్కి పంపించేశాను.

"వాడు రాడమ్మా. నాకు తెలుసును" అంది. ఖాళీ కంచం పక్కకు జరిపి అడిగింది: "నువ్వు తినేటప్పుడు ఎవురు పలుకుతారు?"

ఈ ఊళ్ళో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. సిరంజి పారేయాలని చెప్పి లేవబోయాను, లేవలేకపోయాను. ఏడుపు వచ్చింది.

"ఎవరూ లేరవ్వా" అన్నాను.