నాన్న గదిలో చల్లగాలి

మా అమ్మ నున్జియాకు దేవుడంటే కూడా అంత భయం లేదు, చల్లగాలంటేనే భయం. ఇటలీలో మా పలెర్మో ఊళ్లో మిగతావాళ్లూ అంతే అనుకోండి, కానీ మా అమ్మది మరీ చాదస్తం. తడిజుట్టుతో గడప దాటనివ్వదు. జూలైలో కూడా నాన్నకు ఉన్ని బనియను తొడుగుతుంది. మెడ పట్టినా, కడుపు నొచ్చినా, పన్ను సలిపినా ఆమెకు తెలిసిన జబ్బు ఒక్కటే, గాలిదెబ్బ.

పక్షవాతంతో మంచానపడ్డ నాన్న కాలోజెరో ఉక్కకు వడలిపోతుంటే చూడలేక, జూన్‌లో ఆయన గదికి ఏసీ పెట్టించాను. ఎవరో వాడి వదిలేసినది. వారం తిరక్కుండానే ఆయనకు దగ్గు పట్టుకుంది. అమ్మ గెలిచినట్టు నా వంక చూసింది. డాక్టరు వచ్చి ఏసీ మూత తీయిస్తే, ఫిల్టరు నిండా నల్లటి బూజు. దగ్గు దానివల్లేననీ, కడిగి ఆరబెట్టి వాడుకోమనీ, ఈ స్థితిలో ఆయనకు అసలు ప్రమాదం వేడితోననీ చెప్పాడు. కడిగాను. దగ్గు తగ్గింది, అమ్మ అనుమానం తగ్గలేదు. తప్పు నాదే. బిగించేముందే విప్పి చూసి ఉంటే ఆమెకు ఆ సాకు దొరికేది కాదు.

ఆగస్టులో సముద్రం అవతలి ఎడారి వైపు నుంచి వేడిగాలి మొదలైంది. పోస్టాఫీసులో ఉద్యోగానికి పోతూ నేను ఏసీ వేసేదాన్ని, సాయంత్రం వచ్చేసరికి అది ఆపేసి ఉండేది. మూడో రోజు పొద్దున నాకు ఒళ్లు మండింది.

"చంపేస్తావమ్మా నాన్నని," అన్నాను.

"నలభై తొమ్మిదేళ్లు బతికించుకున్నానే. నీ డబ్బా లేకుండానే."

"అయితే నువ్వే చూసుకో," అని తలుపు విసిరికొట్టి పోయాను. ఆ రోజు ఏసీ వేయనే లేదు.

సాయంత్రం వచ్చేసరికి కిటికీలన్నీ బిగించి, నాన్నకు మెడదాకా దుప్పటి కప్పి, పక్కన కూర్చుని అమ్మ జపమాల తిప్పుతోంది. ఆయన నిద్రపోతున్నాడనుకుంది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఆసుపత్రికి చేరేలోపే నాన్న పోయాడు. వడదెబ్బ అని డాక్టరు నన్నొక్కదాన్నే పక్కకు పిలిచి చెప్పాడు.

చావింట్లో పొయ్యి వెలిగించకూడదని ఇరుగుపొరుగు వండి తెచ్చారు. గిన్నె దింపిన ప్రతి ఒక్కరికీ అమ్మ అదే చెప్పింది. జూన్‌లో పట్టిన గాలి రొమ్ములో ఉండిపోయిందట. మా అమ్మాయి ఎంజా తెలియక ఏసీ పెట్టించిందట, పాపం, తండ్రి మీద ప్రేమతోనే. కాంచెత్తా పిన్ని నన్ను దగ్గరకు తీసుకోకుండానే వెళ్లిపోయింది. నిజం నా నోటిదాకా వచ్చింది. అమ్మను చూస్తే, రెండు రోజులుగా మెతుకు ముట్టని మనిషి. చెబితే బతకదు. చెప్పకపోతే నేను బతకాలి, ఈ వీధిలో, తండ్రిని చంపుకున్నదానిలా.

అందరూ వెళ్లాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నీ మీద నాకేం కోపం లేదే తల్లీ. క్షమించేశాను. ఆయనా క్షమించే ఉంటాడు."

"సరేనమ్మా," అన్నాను.